ఫోన్లో కూడిన సంఘం

మా చర్చికి కెమెరా వచ్చింది. దానికి మూడు కాళ్ల స్టాండు, అటూ ఇటూ లైట్లు, గోడ మీద పెద్ద తెర. 'ఆన్‌లైన్ పరిచర్య ప్రారంభోత్సవం' అని రోడ్డుకు అడ్డంగా బ్యానర్ కట్టారు. దాని మీద మార్కాపురం నుంచి వచ్చే ముఖ్య అతిథి ఫోటో ఉంది, గిద్దలూరు దైవజనుడి ఫోటో ఉంది. ఫోన్లో చేసేది ప్రార్థనే కాదని ఒకప్పుడు తీర్మానం చేసిన పెద్దల ఫోటోలూ ఉన్నాయి. ఆఖరికి టెంటు వేసినాయన ఫోటో కూడా వేశారు. ఆమె ఫోటో మాత్రం లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె పోయి ఏడాది కూడా తిరగలేదు. కమిటీ తరఫున ఒకాయన మా ఇంటికి వచ్చి, "టీచరమ్మా, మన ఆన్‌లైన్ పరిచర్య ఎట్ల మొదలైందో మీరు నాలుగు ముక్కలు చెప్పాల. క్లుప్తంగా" అన్నాడు. "చెప్తాను. క్లుప్తంగా మాత్రం చెప్పను" అన్నాను. మర్నాటికల్లా నా పేరు తీసేసి ఇంకో పాట కలిపారు. మంచిది. మైకు ఇవ్వకపోతే కలం లేదా?

ఆమె మా పాత పాస్టరు గారి భార్య. మా వైపు పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ అంటాం. పేరు పెట్టి పిలిచేంత చనువు ఊళ్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. పొట్టి మనిషి. గొంతు మాత్రం ఊరికి సరిపడా. నడిస్తే చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేది, ఆ చప్పుడుకే ఆమె వస్తోందని తెలిసి అరుగుల మీద పేకాట ఆగిపోయేది. పాత జాకెట్టు గుడ్డతో తనే కుట్టుకున్న సంచిలో ఫోను వేసుకుని మెడకు తగిలించుకునేది. మాట్లాడేటప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టేది కాదు. అన్నం పళ్లెం పట్టుకున్నట్టు ఎదురుగా పట్టుకుని అరిచేది.

"అంత అరవక్కర్లేదమ్మగారూ, బెంగుళూరైనా పక్కిల్లయినా ఫోనుకు ఒకటే" అని నేను ఎన్నోసార్లు చెప్పాను.

"ఫోనుకు ఒకటేలే. ఆడ కాంక్రీటు మిషను ఎంత చప్పుడు చేస్తదో నీకేం తెలుసు?" అనేది.

ఒక మాట ఎవరన్నా ఆమెకు కోపం వచ్చేది. 'దేవుడు చూసుకుంటాడులే అమ్మా' అనే మాట. "చూసుకొమ్మనే కదరా మనల్ని ఈడ పెట్టినాడు? మళ్లా ఆయన మీదికే తోస్తారేంది?" అని గయ్‌మనేది. పాస్టరమ్మ నోటి నుంచి ఆ మాట వింటే కొత్తవాళ్లు బిత్తరపోయేవాళ్లు.

మా ఊరు పెద్దారవీడు మండలంలో, నల్లమల అంచున ఉంటుంది. వరసగా వానలు మొహం చాటేసిన కాలంలో బోర్లు ఒకటొకటిగా ఎండిపోయాయి. మిరప పోయింది, పత్తి పోయింది. సంఘంలో ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా బెంగుళూరులో బిల్డింగు పనులకు పోయారు. కొందరు హైదరాబాదు, కొందరు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు. ఆదివారం చర్చిలో ముసలివాళ్లు, పిల్లలు, గుమ్మంలో మేకలు. సరిగ్గా అప్పుడే అయ్యగారు గుండె ఆగి పోయారు. గిద్దలూరు వైపు నుంచి కొత్త అయ్యగారు వచ్చారు. చిన్న వయసు, మెత్తటి మనిషి, పెద్దలు తలూపితే తప్ప పాట కూడా ఎత్తేవారు కాదు. అమ్మగారు చర్చి ఇల్లు ఖాళీ చేసి పక్క వీధిలో ఒక గది తీసుకుంది.

కూతురి దగ్గరికి అర్ధవీడు పొమ్మని పెద్దలు సలహా ఇచ్చారు. ఆ సలహా చెప్పింది సంఘ పెద్దల్లో అందరికన్నా పెద్దవాడు. పెద్దాయన అనే అందరం పిలుస్తాం.

"సంఘాన్ని వదిలి యాడికి పోను నాయనా?" అంది ఆమె.

"సంఘం యాడుందమ్మా ఈడ? సగం బెంగుళూరులో ఉంది."

"అట్లనా? అయితే ఆడికే పోతా."

నిజంగానే బెంగుళూరు బస్సెక్కుతుందేమో అనుకున్నాం. ఆమె మార్కాపురం బస్సెక్కి నేను పనిచేసే బడికి వచ్చింది. నేను ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. గుమ్మంలో నిలబడి, "గుంపుగా మాట్లాడే ఫోను ఉంటదంట గదా, అది నాకు నేర్పియ్యి" అంది. పిల్లల ముందే నేల మీద కూర్చుని వాట్సాప్ గ్రూప్ కాల్ నేర్చుకుంది. ఒకటే తప్పు మళ్లీ మళ్లీ చేసేది, ఎర్ర గుర్తు నొక్కి కాల్ కోసేసేది. మా పిల్లలు నవ్వితే, "నవ్వండి, నవ్వండి. మీరు కూడికల్లో తప్పు చేస్తే నేను నవ్వనా?" అని వాళ్లతో కలిసి తనూ నవ్వేది.

ఆమె కూడిక ఆదివారం మధ్యాహ్నం అన్నాల వేళ. పనివాళ్లకు దొరికేది ఆ కాస్త తీరికే. ఊళ్లో మిగిలిన మేము కొందరం ఆమె గదిలో చుట్టూ కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. వందనాలు చెప్పగానే ఆమె అడిగే మొదటి మాట, "ఏం కూర నాయనా?"

అందరూ చెప్పాల్సిందే. పప్పు. గోగాకు. చారు. ఊరిమిండి పచ్చడి. నిన్నటి చికెన్. ఒకరి కూర ఇంకొకరు వింటూ ఉండగా చెప్పాలి. తర్వాతే పాట, ప్రార్థన, వాక్యం. పెద్దలకు ఇది వేళాకోళంగా ఉండేది. "అది ప్రార్థన కూడికా, వంటల పోటీనా?" అని ఒకాయన నా ముందే అన్నాడు. ఆ మాట ఆమెకు చేరేసింది నేనే.

"పస్తున్నోడెవడో తెలవకుండా ఏమని ప్రార్థన చేస్తాడంట ఆయన?" అంది. "నోటితో అబద్ధం చెప్తారు గానీ గొంతు నిజం చెప్తదమ్మా. 'తిన్నాను' అని ఊరికే అంటే తినలేదని. కూర పేరు వచ్చిందంటే తిన్నట్టు."

నిజంగానే ఒకసారి ఒక ఆడమనిషి "తిన్నామమ్మా" అని ఊరుకుంది. ఆమె ప్రార్థన మొదలుపెట్టలేదు. "ఆ షెడ్లో పక్కన ఎవరున్నారు? లేచి ఆయమ్మ గిన్నె చూసి రా" అంది. ఎవరో లేచి వెళ్లిన చప్పుడు మా అందరికీ వినబడింది. గిన్నె ఖాళీ. పక్కనున్నవాళ్ల గిన్నెల్లోంచి ఆ గిన్నెలోకి అన్నం పడిందని తెలిశాకే ఆమె పాట ఎత్తింది.

ఇంకోసారి ఒక మేస్త్రీ కూడిక మధ్యలో వచ్చి పనివాళ్లను నానా బూతులూ తిట్టాడు. ఆ మాటలన్నీ ఫోన్లోంచి మా ఊరి గదిలోకి వచ్చి పడ్డాయి. ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. అమ్మగారు ఫోను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఎవర్నాయనా అది? నీ పేరేంది?"

"ఎవరిది ఆ గొంతు?" అన్నాడు మేస్త్రీ.

"నేను వీళ్లమ్మను. నువ్వు అన్నం తిన్నావా? ఏం కూర?"

"సాంబారు" అన్నాడు. మాకు నవ్వాగలేదు. "తిన్నావు గదా. వాళ్లను కూడా తిననీ. తిట్లు తర్వాత తిట్టు, నేను కూడా వింటా" అంది. అతను మారిపోయాడని చెప్పను, మారలేదు. కానీ ఆదివారం ఆ వేళకు ఆ షెడ్డు వైపు రావడం మానేశాడట.

చర్చి కుర్రకారుకు వీడియో కావాలి, ఛానెల్ కావాలి, చూసేవాళ్ల లెక్క కావాలి. ఆమె ఒప్పుకోలేదు. "వాళ్లు రేకుల షెడ్లలో చీర అడ్డం కట్టుకొని బతుకుతున్నారు. అది ఊరంతా చూడాల్నా? నాకు గొంతు చాలు. చూసేవాళ్లు ఎంతమందైతే నాకేంది, పలికేవాళ్లు కావాల" అంది. ఇప్పుడు కెమెరా పెట్టుకున్నవాళ్లు ఈ మాట రాసి గోడకు అంటించుకుంటే బాగుండును.

ఇక అసలు సంగతికి వస్తాను. మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. దానికి ముందు అయ్యగారు ఒక ప్రశ్న అడుగుతారు. "ఎవరితోనైనా సమాధానం లేనివాళ్లు ఉన్నారా?" అని. అంటే మాటలు లేనివాళ్లు, పగలున్నవాళ్లు. ఉంటే లేచి వెళ్లి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని సమాధానపడి రావాలి. లేదంటే రొట్టె ముట్టకూడదు. అత్తాకోడళ్లు చర్చి మధ్యలో చేతులు పట్టుకుని ఏడవడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా దగ్గర ఇది ఆషామాషీ వ్యవహారం కాదు.

అమ్మగారు బల్లను కూడా ఫోన్లో పెట్టింది. పెనం మీద రొట్టెలు కాల్చి, ఆరబెట్టి, మార్కాపురంలో బెంగుళూరు బస్సెక్కే వాళ్ల చేతికి ఇచ్చి పంపేది. అక్కడ వాళ్లు ఎండుద్రాక్ష నానబెట్టుకుని రసం తీసుకునేవాళ్లు. ఒకసారి బస్సులో పిల్లలు ఏడుస్తుంటే ఆ పొట్లం విప్పి రొట్టెలన్నీ పెట్టేశారట. భయపడుతూ ఫోను చేస్తే, "ఆకలైనోళ్లు తిన్నారు గదా. బల్ల బస్సులోనే అయిపోయిందిలే" అని మళ్లీ పెనం పెట్టింది.

అక్కడా ఆ ప్రశ్న అడిగేది. ఇద్దరు తగువు పడి ఉంటే ఫోను మీదే సమాధానపరిచేది. అయితే దానియేలు అని ఒకడుండేవాడు. వాడొక్కడు మాత్రం ప్రతిసారీ, "నాకొద్దమ్మా. అన్నతో సమాధానం లేదు" అనేవాడు. రొట్టె పక్కన పెట్టేసేవాడు.

ఆ అన్న ఎవరో కాదు, మా పెద్దాయనే. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే బోరు. నీళ్లు తగ్గినప్పుడు పెద్దాయన వాల్వు తన పొలం వైపు తిప్పుకుని దానికి తాళం వేశాడు. కాయ పట్టిన మిరప తోట దానియేలు కళ్ల ముందే ఎండిపోయింది. వాడు అన్నను ఒక్క మాట అనలేదు. తలుపుకు గొళ్లెం పెట్టి, భార్య రూతమ్మను, పిల్లలను తీసుకుని బెంగుళూరు పోయాడు. పండక్కి కూడా రాలేదు.

"నువ్వే ఒకసారి ఫోను చెయ్యరాదా నాయనా?" అని అమ్మగారు దానియేలును అడిగేది.

"చేసినానమ్మా. ఎత్తడు."

అన్న మాత్రం మా చర్చిలో ప్రతి మొదటి ఆదివారం ముందు వరసలో కూర్చుని రొట్టె తీసుకునేవాడు. అయ్యగారు ప్రశ్న అడిగినప్పుడు కళ్లు మూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. చర్చి గడప తొక్కనివాళ్లు సంఘస్థులు కారు. ఫోన్లో చేసేది ప్రార్థన కాదు, అక్కడ తీసుకునేది బల్ల కాదు. చర్చి ఆవరణలోకి అమ్మగారి ఫోను రాకూడదు. అలాంటి వాళ్లకు మన సమాధుల తోటలో చోటు కూడా లేదు. అందరికంటే గట్టిగా మాట్లాడింది పెద్దాయన. ఆయన పట్టుదల ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అమ్మగారికి అర్థమైంది.

"తమ్ముడు సంఘస్థుడైతే ఈయన సమాధానపడాల. కాకపోతే ఏ గొడవా లేదు" అంది. "తమ్ముణ్ణొక్కణ్ణి తీసెయ్యలేక బెంగుళూరు మొత్తాన్ని తీసేసినాడమ్మా ఈ మనిషి."

తీర్మానం కాగితం ఆమెకు చదివి వినిపించడానికి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చింది. "విన్నాను. ఆదివారం అన్నాల వేళకు నాకు పనుంది, మీ తీర్మానం మీరు పెట్టుకోండి" అని పంపేసింది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? దానియేలు పని చేస్తున్న బిల్డింగు మీద నుంచి జారి పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. 'మా ఊళ్లోనే పెట్టాల' అని రూతమ్మ పట్టుబట్టి శవాన్ని బండిలో తెచ్చింది. కబురు తెలిసి నేను సెలవు పెట్టి పరుగెత్తాను. అప్పటికే ఊరంతా సమాధుల తోట దగ్గర ఉంది. శవపెట్టె గేటు బయట నేల మీద ఉంది. గేటుకు అడ్డంగా పెద్దాయన నిలబడి ఉన్నాడు.

ఆయన ఏడవడం లేదని కాదు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "నా తమ్ముణ్ణి నా పొలంలో పెట్టుకుంటా. గుంత కూడా తవ్విస్తన్నా. తోటలో మాత్రం కుదరదు. తీర్మానం తీర్మానమే. నా ఇంటోడని నేనే తప్పితే రేపు ఎవరు వింటారు?" అంటున్నాడు.

నాకు రక్తం మరిగింది. నీళ్లివ్వక తరిమేసిన పొలంలోనే ఇప్పుడు పాతిపెడతాడట! రూతమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, "ఆ పొలంలో వద్దు బావా, మీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడుస్తోంది. చిన్న అయ్యగారు నేల చూపులు చూస్తున్నారు.

చెప్పుల చప్పుడు వినబడింది. అమ్మగారు మెడలో ఫోను సంచితో వచ్చింది. ఫోను అప్పటికే ఆన్‌లో ఉంది, బెంగుళూరు షెడ్డు మొత్తం లైన్లో ఉంది. ఆమె ముందు రూతమ్మ తల నిమిరింది. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, "ప్రార్థన మొదలుపెట్టండి అయ్యగారూ" అంది.

ఆయన పెద్దాయన వైపు చూశారు.

"సరే, నేను చేస్తా" అంది ఆమె.

"ఆడమనిషి సమాధి చెయ్యటమా? యాడన్నా ఉందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"మగోళ్లంతా గేటు బయట నిలబడితే ఇంకెవరు చెయ్యాల?" అని పెద్దాయన ఎదుటికి నడిచింది. ఆయన భుజం దాకా కూడా రాదు ఆమె. "జరుగు నాయనా."

"జరగను. వాడు సంఘస్థుడు కాడు."

అప్పుడామె అరవలేదు. నేను ఆమె పక్కనే ఉన్నాను గనక విన్నాను. "ప్రతి నెలా రొట్టె చేతిలోకి తీసుకొని, అన్నతో సమాధానం లేదమ్మా అని పక్కన పెట్టినాడు నీ తమ్ముడు. ఒక్కసారి కూడా తినలేదు. నువ్వు ఒక్కసారి కూడా మానలేదు. ఇప్పుడు చెప్పు. మీ ఇద్దరిలో సంఘస్థుడు ఎవరు?"

పెద్దాయన గేటు పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. పక్కకు జరిగాడని చెప్పలేను, గోడకు ఆనుకున్నాడు. అమ్మగారు ముందు నడిచింది. వెనక పెట్టె, దాని వెనక మేమంతా. వాక్యం ఆమే చదివింది, మట్టి ఆమే వేసింది. ఫోన్లోంచి షెడ్డువాళ్లు పాడుతుంటే వాళ్ల పాట మాకంటే అర చరణం ఆలస్యంగా వచ్చేది. ఆమె చెయ్యెత్తి మమ్మల్ని ఆపేది, వాళ్లు వచ్చి కలిసేదాకా. ఆ పాట పూర్తవడానికి చాలాసేపు పట్టింది. పెద్దాయన తోటలోకి రాలేదు.

నెల తిరక్కుండానే రూతమ్మ మళ్లీ బెంగుళూరు పనికి పోయింది. పోకపోతే పిల్లలకెట్లా?

తర్వాతి మొదటి ఆదివారం అమ్మగారు ఫోను తీసుకుని చర్చిలోకి వచ్చింది. తీర్మానం సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని నేను చీర కొంగు నడుముకు దోపుకుని కూర్చున్నాను. ఎవరూ నోరెత్తలేదు. ఆమె ముందు బెంచీ మీద కూర్చుని, బెంగుళూరు లైన్లో ఉన్న ఫోనును సంచితో సహా ఒళ్లో పెట్టుకుంది. అయ్యగారు ఆ ప్రశ్న అడిగారు. రొట్టె పళ్లెం కదిలింది. పెద్దాయన దగ్గరికి వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. పళ్లెం ముట్టకుండా, "నాకొద్దు. తమ్ముడితో సమాధానం లేదు" అన్నాడు. మళ్లీ తనే, "ఇంక కాబోదు కూడా" అన్నాడు.

ఇక చాలు, అమ్మగారు ఆ మనిషిని వదిలేస్తుంది అనుకున్నాను. ఆమె వదల్లేదు. ఫోను సంచిలోంచి తీసి, పళ్లెం పట్టుకున్నట్టే పట్టుకుని ఆయన ముందుకు చాపింది.

"మళ్లీ చెప్పు నాయనా. సంఘం మొత్తానికీ వినపడలేదు."

పెద్దాయన ఆమె వైపు చూశాడు. తర్వాత వంగి, ఫోనుకు నోరు దగ్గరగా పెట్టి, మొత్తం మళ్లీ చెప్పాడు.

అవతల మిషను చప్పుడు. దాని వెనక నుంచి రూతమ్మ గొంతు వచ్చింది.

"వినపడింది బావా."